తెలియని భాషలో పరీక్ష

పరుగుపందెములు, కబడ్డీ ఆటలు, వక్తృత్వపు పోటీలు మీరందఱు చూచియే యుందురు. పద్యములు కంఠస్థము చేసి యప్పజెప్పు పోటీలు కూడ మన పాఠశాలలలో జరుగుచుండును. కాని చదువుటయందే పోటీ కలదని చెప్పినచో మీకు వింతగా తోచవచ్చును. అది త్వరగా చదువుటలో పోటీ కాదు. ఎక్కువ పుస్తకములు చదువుటలోను కాదు. ఒక్క పుటను ముందు పెట్టుకొని, అందలి యక్షరములలో నొక్కదానినైన విడువక, శ్రద్ధగా చదువుటలో పోటీ. అంతకన్న వింత యేమనగా, ఆ పుటలోని భాష పోటీకి వచ్చిన బాలబాలికలకు తెలియదు. తెలియని భాషనే వెదకి వారి కిత్తురు.

దీనికి భాషాశాస్త్ర ఒలింపియాడ్ అని పేరు. ఇది పుట్టినది మాస్కో నగరములో. 1963లో ఆంద్రేయ్ జలిజ్న్యాక్ అను రష్యా పండితుడు, భాషాశాస్త్రమును గణితమువలె సమస్యల మూలమున నేర్పవచ్చునని తలచి, అట్టి సమస్యలను కొన్నింటిని కూర్చి ప్రకటించెను. రెండేండ్లకు, అనగా 1965లో, మాస్కో విశ్వవిద్యాలయమునందు ఉన్నతపాఠశాలల విద్యార్థుల కొఱకు మొదటి పోటీ జరిగినది. ఈ పోటీ పెట్టవలెనను తలంపు ఆల్ఫ్రెడ్ జురీన్‌స్కీ అను నొక విద్యార్థిది. దానిని నడపినవారిలో ముఖ్యుడు ఉస్పెన్‌స్కీ అను గణితశాస్త్రజ్ఞుడు. భాషకు సంబంధించిన పోటీకి గణితజ్ఞుడు పెద్దయగుట యేమని మీరనుకొనవచ్చును. ఈ వ్యాసము ముగియునాటికి అది మీకు సహజముగనే తోచును.

తరువాత ఇతర దేశములవారును ఈ పద్ధతిని చేపట్టిరి. 2003లో బల్గేరియాలోని బోరోవెత్స్ అను పర్వతగ్రామమున మొదటి అంతర్జాతీయపు పోటీ జరిగెను. మన దేశపు విద్యార్థులు 2009 నుండి అందు పాల్గొనుచున్నారు. 2016లో ఆ పోటీ మన పొరుగుననే, మైసూరు నగరమున జరిగినది. మన దేశములో విద్యార్థులను ఎన్నుకొను పోటీకి పాణిని పేరు పెట్టినారు. సంస్కృతభాష నంతటిని ఇంచుమించు నాలుగువేల సూత్రములలో బంధించిన పాణిని పేరు దీనికి తగియే యున్నది.

పోటీలో ఒక్కొక్క విద్యార్థి ఆరు గంటల కాలములో ఐదు సమస్యలను సాధింపవలెను. నలుగురు కలిసి సాధింపవలసిన జట్టుపోటీ వేఱుగా కలదు. నిఘంటువు నీయరు. వ్యాకరణ గ్రంథము నీయరు. ముందుగా ఏమియు నేర్చి రావలసిన పనియు లేదు. సమస్యకు కావలసిన దంతయు ఆ పుటలోనే యుండును. మన అష్టావధానములను చూచినవారికి ఇచ్చట నొక పోలికయు, ఒక భేదమును గోచరించును. నిషిద్ధాక్షరిలో అవధాని ప్రతి యక్షరమును కనిపెట్టి యుండవలెను గదా! ఇచ్చటను అట్లే. కాని అవధానికి ఛందస్సు, నిఘంటువు, పురాణములు అన్నియు కరతలామలకములు కావలెను. ఈ పోటీకి వచ్చు పిల్లవానికి కన్నులు, కాగితము, ఓపిక యున్న చాలును. పెద్ద గ్రంథాలయములేని యూరి పిల్లలకును దీనిలో చోటు గలదని నేను సంతోషించుట కిదియే కారణము.

వట్టి మాటలు చాలును. మనమును ఒక సమస్యను పట్టి చూతము. ఇది పోటీలలో నిచ్చినది కాదు. వానివంటిదే కాని, వానికన్న చాల సులభమైనది. తూర్పు ఆఫ్రికాలోని కెన్యా, టాంజానియా మొదలగు దేశములలో స్వాహిలీ యను భాషను మాటలాడుదురు. దానిలోని ఎనిమిది మాటలను తెలుగు లిపిలో క్రింద నిచ్చుచున్నాను. ఆ భాషలో ఒక్కొక్క మాటయే ఒక వాక్యము. అయిదవ వరుసలోని "వండుదుము" అనునది ఇకముందు జరుగబోవు పనియని గ్రహింపుడు.

1. నినసోమ — నేను చదువుచున్నాను
2. అనసోమ — అతడు చదువుచున్నాడు
3. తులిసోమ — మేము చదివితిమి
4. అలిపిక — ఆమె వండెను
5. తుతపిక — మనము వండుదుము
6. ఉనపిక — నీవు వండుచున్నావు
7. నిలికుఓన — నేను నిన్ను చూచితిని
8. అననిఓన — అతడు నన్ను చూచుచున్నాడు

ఇక ముందునకు పోకముందు, ఒక కాగితము తీసికొని మీరే కొంతసేపు ప్రయత్నింపుడు.

మొదటి రెండు వరుసలను ఒకదాని ప్రక్క నొకటి యుంచి చూడుడు. తెలుగులో "నేను" పోయి "అతడు" వచ్చినది. స్వాహిలీలో "ని" పోయి "అ" వచ్చినది. మిగిలిన "నసోమ" మాఱలేదు. కనుక "ని" యనగా నేను, "అ" యనగా అతడు అని చెప్పుటకు ఆధారము దొరకినది. కాని "నసోమ" అంతయు కలిసి ఒక్క మాటయా, లేక రెండు ముక్కలా? ఆ సంగతి ఈ రెండు వరుసలను ఎంతసేపు చూచినను తేలదు. మూడవదానిని చూడవలెను. అందు "సోమ" కలదు, "న" లేదు. చదువుట కలదు, "చున్న" లేదు. "సోమ" యనగా చదువుట యని, "న" యనునది ఇప్పుడు జరుగుచున్న పనిని దెలుపునని యూహ కలుగును. ఊహ కలిగిన చాలదు, పరీక్షింపవలెను. ఆఱవ, ఎనిమిదవ వరుసలలో గూడ జరుగుచున్న పనియే. అచ్చటను "న" కలదు. జరిగిపోయిన పనిని జెప్పు 3, 4, 7 వరుసలలో "న"కు బదులు "లి" కలదు. జరుగబోవు పనిని జెప్పు అయిదవదానిలో "త" వచ్చినది. ఇప్పుడు ఊహ నియమమైనది.

మాట నిర్మాణము తేటపడుచున్నది. మొదట కర్తను దెలుపు ముక్క, తరువాత కాలమును దెలుపు ముక్క, చివర క్రియ. "పిక" యనగా వండుట, "ఓన" యనగా చూచుట. మన "చదివితిమి" అను మాటను విడదీసినను ఇట్టి ముక్కలే వచ్చును. కాని మనకు క్రియ మొదట వచ్చును, కర్త జాడ చివర నుండును. వారి మాట మన మాటను తలక్రిందులు చేసినట్లున్నది! స్వాహిలీలోని "ని"ని, మన "చూచితిని"లోని "ని"ని చూచి రెండు భాషలును చుట్టములని సంబరపడకుడు. అది కేవలము కాకతాళీయము.

ఇంతవరకు వచ్చుట కష్టము కాదు. తొందరపడువాడును ఇంతవరకు వచ్చును. అతడు తప్పిపోవు చోట్లు ఇకముందున్నవి.

"అ" యనగా అతడు అని రెండవ వరుసను బట్టి వ్రాసికొంటిమి. నాలుగవ వరుసను చూడుడు: "అలిపిక" యనగా "ఆమె వండెను". అదే "అ". కనుక మన మొదటి మాట పూర్తిగా సరియైనది కాదు. స్వాహిలీ క్రియలో స్త్రీపురుష భేదము లేదు. మన భాషలో "వండెను" అనునపుడు ఆ భేదము మఱుగుపడినను, "వండుచున్నాడు", "వండుచున్నది" అనునపుడు బయటపడును. మనకు పుట్టుకతో వచ్చిన భేదము ప్రతి భాషలోను ఉండునని మనమే యనుకొందుము. పుట మనకు ఆ మాట చెప్పలేదు.

ఇట్టిదే మఱియొకటి. మూడవ వరుసలో "మేము" అని యున్నది. అయిదవదానిలో "మనము" అని యున్నది. రెండింటను "తు"యే. వినువానిని కలుపుకొని చెప్పుటకు "మనము", కలుపుకొనక చెప్పుటకు "మేము" అని మనకు వేఱు వేఱు మాటలు కలవు. స్వాహిలీవారికి అట్లు లేదు. చిన్ననాటినుండి ఈ రెండు మాటలను వాడుచున్న మనమే ఈ భేదమును గమనింపక దాటిపోవుదుము. తెలియని భాష ఎదుట నిలిచినప్పుడు గాని మన భాష మనకు కనబడదు.

ఏడవ, ఎనిమిదవ వరుసలలో కాలమును దెలుపు ముక్కకును క్రియకును నడుమ ఇంకొక ముక్క దూరినది. "కు" యనగా నిన్ను, "ని" యనగా నన్ను. మొదటి వరుసలో "ని" యనగా నేను గదా! ఎనిమిదవ వరుసలో అదే "ని" నన్ను ఎట్లయినది? ఉన్న స్థానమును బట్టి. మొదట నున్నచో చూచువాడు, నడుమ నున్నచో చూడబడువాడు.

ఇప్పుడు ఇందులేని మాటలను మనము కట్టగలము. "అతడు నిన్ను చూచుచున్నాడు" అనవలెనన్నచో అ, న, కు, ఓన: "అనకుఓన". "నేను నిన్ను చూతును" అనుటకు "నితకుఓన". ఒక స్వాహిలీ బాలుడు వినినచో నవ్వక, అర్థము చేసికొని బదులు చెప్పును.

మఱి "ఆమె మమ్ము చూచెను" అనుట ఎట్లు? "ని" అను ముక్క రెండు చోట్లను ఒకటే గనుక, "తు"యు అట్లే యుండునని "అలితుఓన" యని వ్రాయవచ్చునా? ఇచ్చటనే మంచి చదువరి కలమును ఆపును. "నీవు" అను దానికి కర్తయైనపుడు "ఉ", కర్మయైనపుడు "కు" అని ఈ పుటయే చెప్పుచున్నది. కొన్ని మాఱవు, కొన్ని మాఱును. "తు" ఏ జాతిలోనిదో తెలుపు వాక్యము ఈ యెనిమిదింటిలో లేదు. "ఈ ఆధారములతో చెప్పవీలులేదు" అనుటయే సరియైన సమాధానము. నిజమునకు స్వాహిలీలో "మమ్ము" అనుటకును "తు"నే వాడుదురు. కాని ఆ తర్కమునే నమ్ముకొని "అతడు అతనిని చూచుచున్నాడు" అనుటకు "అనఅఓన" యని వ్రాసినవాడు తప్పును. అచ్చట "అనమ్వోన" అనవలెను. మొదటివానికి అదృష్టము కలిసివచ్చినది, రెండవవానికి కలిసిరాలేదు. ఇద్దఱు చేసిన పని ఒక్కటే.

గణితజ్ఞునకు ఈ పోటీపై మక్కువ యెందుకో ఇప్పుడు తెలిసియుండును. అందుకే పోటీలో సమాధానము వ్రాసి యూరకుండిన చాలదు; ఏ నియమమును బట్టి ఆ సమాధానము వచ్చెనో గూడ వ్రాసి చూపవలెను. జట్టుపోటీలో ఈ గుణము ఇంకను బాగుగా వెల్లడియగును. ఒకడు "తు యనగా మేము" అనును. ప్రక్కవాడు "అయిదవది చూచితివా?" అనును. గట్టిగా పలికినవాని మాట అచ్చట చెల్లదు. పెద్ద పాఠశాలనుండి వచ్చినవాని మాటయు చెల్లదు. వరుస సంఖ్య చూపినవాని మాటయే చెల్లును. పాఠము చెప్పునపుడు ఉపాధ్యాయుడు కూడ "ఏ వాక్యమును బట్టి?" అని యడుగుట నేర్చినచో, తరగతిలో సగము పని జరిగినట్లే. అంతకన్న మేలైన ప్రశ్న నాకు తోచదు.

ఇట్టి చదువు పోటీల కొఱకు క్రొత్తగా కల్పించినది కాదు. 1837లో కలకత్తా టంకశాలలో అధికారిగా నుండిన జేమ్స్ ప్రిన్సెప్ చేసినది ఇదియే. ఆనాటికి బ్రాహ్మీలిపిని చదువగలవారు లేరు. అశోకుని శాసనములు రాళ్లపై నుండెను, కాని ఎవ్వరికిని అర్థము కాలేదు. సాంచీ స్తూపము చుట్టునున్న ప్రాకారపు రాళ్లపై చిన్న చిన్న వ్రాతలు చాల కలవు. వాని ప్రతులను ప్రక్కప్రక్కన పెట్టి చూచుచుండగా, దాదాపు అన్నియు ఒకే రెండక్షరములతో ముగియుట ప్రిన్సెప్ కంటబడెను. ఇన్ని రాళ్లపై ఒకే ముగింపు ఎందుకుండవలెను? భక్తులు దేవస్థానములకు కానుకలిచ్చి తమ పేర్లు చెక్కించుట ఆయన యెఱిగినదే. ఆ రెండక్షరములు "దానం" కావలెనని యూహించెను. దానికి ముందు తఱచుగా వచ్చు అక్షరము ఫలానివాని యొక్క అను అర్థము నిచ్చు "స" యని గుర్తించెను. ఆ యూహను ఇతర శాసనములపై పరీక్షించి, ఒక్కొక్క అక్షరమునే గెలుచుకొనుచు, తుదకు అశోకుని మాటలను చదివెను. మన అమరావతి స్తూపపు రాళ్లపైనను ఇట్టి దానముల వ్రాతలు కలవు; ఆనాటి గృహస్థుల, భిక్షుణుల పేర్లు నేడు మనము చదువగలుగుట ఆ రెండక్షరముల చలువయే.

పోటీకి దోషములు లేకపోలేదు. పతకము వచ్చినవానిని మోసి, రానివానిని మఱచుట ఎల్ల పోటీలలోను కలదే. నిదానముగా ఆలోచించు పిల్లలకు గడియారము శత్రువగును. కావ్యపఠనము సమస్యాసాధనము కాదను మాటయు నిజమే. మంచి పద్యమునకు చివర "ఇది సమాధానము" అని గీత గీయలేము. అయినను పద్యమును గూర్చి అభిప్రాయము చెప్పకముందు పద్యములో నేమున్నదో చూడవలెను గదా! అది చూడకయే రసమును గూర్చి మాటలాడువారు మన సభలలో తక్కువగా లేరు.

ఇంతకును మాతృభాషలో వ్రాసినది మనకు తెలియకపోవునా అని మీరడుగవచ్చును. తెలిసిన భాషయే మనలను ఎక్కువగా మోసగించును. కన్ను పదముపై జాఱిపోవును. "ఆ యూరి చెఱువు ఈ యేడు కూడ నిండలేదు" అను వాక్యమును చదువుడు. చెఱువు క్రిందటి యేడును నిండలేదని ఈ వాక్యము చెప్పుచున్నది. చెప్పినది "కూడ" అను ఒక్క చిన్న మాట. వానలు కురియలేదని చెప్పుచున్నదా? లేదు. కట్ట తెగియుండవచ్చును, కాలువ పూడియుండవచ్చును. పరీక్షలో "చెఱువు ఏల నిండలేదు?" అని యడిగినచో తరగతిలో చాలమంది "వానలు లేనందున" అని వ్రాయుదురు. వారు వాక్యమును చదువలేదు. తమ మనసును చదివినారు.

ఇది మార్కులతో పోవు సంగతి కాదు. తమ యింటిలో మొట్టమొదట బడికి వచ్చినవారు మీలో నెందఱో యుందురు. ఇంటికి ఏ కాగితము వచ్చినను అమ్మమ్మయో తాతయో మీ చేతికిచ్చి "చదివి చెప్పు నాయనా" అందురు. ఒక కాగితముపై "నూటికి రెండు రూపాయల వడ్డీ" అని యున్నదనుకొందము. మఱియొకదానిపై "నూటికి పండ్రెండు" అని యున్నది. రెండు తక్కువ, పండ్రెండు ఎక్కువ యని చెప్పివేయుట సులభము. కాని మొదటి కాగితములో "నెలకు" అని, రెండవదానిలో "సంవత్సరమునకు" అని చిన్న అక్షరములతో నుండవచ్చును. పదివేల రూపాయల అప్పునకు మొదటిదాని ప్రకారము ఏటికి 2,400 రూపాయలు, రెండవదాని ప్రకారము 1,200 రూపాయలు వడ్డీ యగును. తక్కువ యనుకొన్నది రెట్టింపు! చదివిన పిల్లవాని నోటిమాటను నమ్మి తాత వ్రేలిముద్ర వేయును. స్వాహిలీ మాటలో "న"కును "లి"కిని గల భేదమును పట్టుకొన్న కన్ను "నెలకు" అను మాటను దాటిపోదు.

ఇట్టి అభ్యాసము మీ తరగతిలోనే చేయవచ్చును. ఇద్దఱిద్దఱుగా కూర్చుండి, పాఠములోని ఒక్క పేరాను తీసికొని, ఒకరు ఒక మాట చెప్పవలెను, రెండవవారు "ఏ వాక్యమును బట్టి?" అని యడుగవలెను. పొరుగు రాష్ట్రపు భాషయో, మన కొండలలోని కోయ, సవర భాషలలో నొకటియో మాటలాడు సహపాఠి యున్నచో ఇంకను మంచిది; అతనిని బ్రతిమాలి ఎనిమిది వాక్యములు చెప్పించుకొనుడు. ఎనిమిదింటితో ఒక పూట గడచిపోవును.

అంతవరకు పై పట్టికతోనే ఇంకొక మాట సాధింపుడు: "తులికుఓన". దాని ముక్కలు అన్నియు మీకు తెలిసినవే. "తు" అనుదానికి "మేము" అనియు, "మనము" అనియు రెండర్థములు కలవని చూచితిమి. కాని ఈ మాటను తెలుగులోనికి మార్చునపుడు ఆ రెండింటిలో నొకటి మాత్రమే చెల్లును. అది యేది? రెండవది ఏల చెల్లదు? దానికి ఆధారము "తు"లో లేదు. ఆ మాటలోనే మఱియొక ముక్కలో నున్నది.